డీబీఎంఎస్ ల్యాబ్‌ని డాకర్‌లోకి మార్చాలి: 60 సిస్టమ్స్, ఒక సర్వర్, ఒకటే నెట్ లైన్

నాగావళి_ల్యాబ్ (శ్రీకాకుళం)
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ. వచ్చే సెమిస్టర్ రెండో సంవత్సరం వాళ్ళ డీబీఎంఎస్ (డేటాబేస్) ల్యాబ్ నాకు పడింది. మొత్తం 60 సిస్టమ్స్. సగం పాత ఐ3లు, 4 జీబీ ర్యామ్. మిగతావి 8 జీబీ. అన్నిట్లో విండోస్ 10. ఎప్పుడో వేసిన ఒరాకిల్ 11జీ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉంది గానీ, ఏ సిస్టమ్‌లో లిజనర్ (కనెక్షన్లు అందుకునే ప్రోగ్రాం) లేస్తుందో, ఏ సిస్టమ్‌లో లేవదో ఆ పూట కూర్చుంటే గానీ తెలియదు. ఈ వారం ఒక సిస్టమ్‌లో చేసిన పిల్లాడు పై వారం కూడా అక్కడే కూర్చోవాలి, లేదంటే వాడి టేబుల్స్ ఉండవు. ఎవడో ఒరాకిల్‌లో సిస్టమ్ అనే అడ్మిన్ యూజర్ పాస్‌వర్డ్ మార్చేస్తాడు, ఇక ఆ గంటంతా దాని వెనకే.

డేటాబేస్‌ని డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రాంని దానికి కావలసినవన్నీ కలిపి విడిగా నడిపే పెట్టె) పెట్టి ఒక్కొక్కరికీ శుభ్రమైన వర్క్‌స్పేస్ ఇద్దామని ఆలోచన. పైసా ఖర్చు లేకపోతే సరే అన్నారు హెచ్ఓడీ గారు. సర్వర్ రూమ్‌లో 32 జీబీ ర్యామ్‌తో ఉబుంటు మెషీన్ ఒకటి ఖాళీగా ఉంది. నెట్ మాత్రం క్యాంపస్ మొత్తానికీ ఒకటే లైన్. ప్రతి సిస్టమ్‌లో డాకర్ డెస్క్‌టాప్ వేయాలా, సర్వర్‌లోనే పెట్టాలా? ల్యాబ్ నడిపినవాళ్ళు చెప్పండి. ట్యుటోరియల్స్ చాలా చూశాను, అవి వద్దు.

సిక్కోలు_సిసాడ్మిన్
4 జీబీ సిస్టమ్స్‌లో డాకర్ డెస్క్‌టాప్ మాట మర్చిపోండి సార్. విండోస్‌లో అది డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపల లైనక్స్ నడిపే ఏర్పాటు) మీద నడుస్తుంది, అంటే లోపల ఒక వర్చువల్ మెషీన్ లేవాలి. విండోస్ తన వాటా తీసుకుని, పిల్లలు క్రోమ్ తెరిచాక దానికి మిగిలేదేమీ ఉండదు. పైగా బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ అయి ఉండాలి. పాత సిస్టమ్స్‌లో చాలావాటికి అది ఆఫ్‌లోనే ఉంటుంది. ఒక్కొక్క సిస్టమ్ రీస్టార్ట్ చేసి మార్చుకుంటూ పోవాలి. బయోస్‌కి పాస్‌వర్డ్ పెట్టి మానేసి వెళ్ళిపోయిన ల్యాబ్ ప్రోగ్రామర్ ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాడో కూడా కనుక్కోవాలి.

సర్వర్‌లో పెట్టండి. ఒక్కటే పోస్ట్‌గ్రెస్ కంటైనర్ (ఒరాకిల్ లాంటిదే, ఉచిత డేటాబేస్), అందులో పిల్లాడికో యూజర్, పిల్లాడికో డేటాబేస్. ల్యాబ్ సిస్టమ్స్‌లో క్లయింట్ మాత్రం ఉంటే చాలు. డీబీవర్ వేయండి, క్వెరీలు రాసి నడిపే ప్రోగ్రాం. అది కూడా బరువనిపిస్తే సర్వర్‌లోనే అడ్మినర్ అని ఇంకో కంటైనర్ పెట్టండి, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. 4 జీబీ సిస్టమ్‌కి అదే హాయి.

గంటస్తంభం (విజయనగరం)
> ఒక్కటే పోస్ట్‌గ్రెస్ కంటైనర్

దీనితో నేను సగమే ఒప్పుకుంటాను. ఒకే కంటైనర్ పెడితే పిల్లలకి ఎస్‌క్యూఎల్ వస్తుంది, డేటాబేస్ రాదు. యూజర్ని సృష్టించడం, గ్రాంట్ ఇవ్వడం, బ్యాకప్ తీసి మళ్ళీ ఎక్కించడం, ఇవన్నీ అడ్మిన్ హక్కులుంటేనే పూర్తిగా చేయగలరు. మేము పిల్లాడికో కంటైనర్ ఇచ్చాం. ఏం పాడుచేసుకున్నా వాడిదే పాడవుతుంది, తీసేసి కొత్తది లేపితే నిమిషంలో పని అయిపోతుంది. 32 జీబీలో 30 మంది బ్యాచ్‌కి పోస్ట్‌గ్రెస్ సునాయాసంగా సరిపోతుంది. మైఎస్‌క్యూఎల్ 8 అయితే ఊరికే కూర్చున్నా ఒక్కోటి మూడు నాలుగు వందల ఎంబీ తింటుంది, అయినా పడుతుంది. ఒక్కో కంటైనర్‌కి మెమరీ లిమిట్ మాత్రం తప్పకుండా పెట్టాలి.

ఇక నెట్ సంగతి. ల్యాబ్‌లో అందరి చేతా ఒకేసారి డాకర్ పుల్ (నెట్ నుంచి ఇమేజ్‌ని, అంటే కంటైనర్ లేపడానికి కావలసిన రెడీమేడ్ ప్యాకేజీని లాగే కమాండ్) కొట్టించకండి. ఈ ఇమేజ్‌లు దొరికే డాకర్ హబ్‌లో లాగిన్ లేకుండా అయితే ఒక ఐపీకి 6 గంటల్లో 100 పుల్స్ మాత్రమే. ఉచిత అకౌంట్‌తో లాగిన్ అయితే 200. మీ క్యాంపస్ మొత్తం బయటికి ఒకే ఐపీగా కనిపిస్తుంది కదా. 60 మంది రెండేసి ఇమేజ్‌లు లాగితే అక్కడికే 120. చివర్లో కొట్టినవాళ్ళకి టూ మెనీ రిక్వెస్ట్స్ అని వస్తుంది, నెట్ పోయిందనుకుని వాళ్ళు కేబుల్ పీకి పెడుతూ ఉంటారు. ఒక సిస్టమ్‌లో లాగి, డాకర్ సేవ్‌తో టార్ ఫైల్ చేసి, పెన్‌డ్రైవ్‌లో తిప్పి డాకర్ లోడ్ కొట్టించండి. కాస్త ఓపిక ఉంటే సర్వర్‌లో లోకల్ రిజిస్ట్రీ (ఇమేజ్‌లు దాచుకునే చోటు) పెట్టుకోండి. అది కూడా కంటైనరే, 5000 పోర్టులో ఉంటుంది.

పలాస_గుంటడు
సార్, నేను స్టూడెంట్‌ని, మూడో సంవత్సరం. మా వైపు నుంచి ఒక మాట. సర్వర్‌లో పెడితే ల్యాబ్ వరకూ బాగానే ఉంటది గానీ ఇంటికెళ్ళాక ఏటి చేస్తాం? ఎక్స్‌టర్నల్‌కి (బయటి ఎగ్జామినర్ వచ్చే ల్యాబ్ పరీక్షకి) ముందు వారమే కదా అందరం కూర్చునేది. అప్పుడు కాలేజీ సర్వర్ ఇంటినుంచి రాదు. మా క్లాసులో ల్యాప్‌టాప్ ఉన్నోళ్ళు సగం మందే, అందులో ఒకడిది మైఎస్‌క్యూఎల్, ఇంకొకడిది ఎక్స్ఏఎంపీపీ, ఇంకొకడు ఫోన్‌లో ఆన్‌లైన్ కంపైలర్. ఒకడి క్వెరీ ఇంకొకడి దగ్గర నడవదు.

సిక్కోలు_సిసాడ్మిన్
నిజమే తమ్ముడూ. అందుకే కంపోజ్ ఫైల్ (ఏ కంటైనర్ ఎలా లేవాలో చెప్పే ఫైల్) ఒకటి రాసి సర్వర్‌లోనూ అదే, ల్యాప్‌టాప్‌లోనూ అదే వాడాలి. అదే వెర్షన్, అవే శాంపిల్ టేబుల్స్. ల్యాప్‌టాప్ లేనివాళ్ళు ల్యాబ్‌లో సర్వర్ వాడుకుంటారు, ఉన్నవాళ్ళు పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటారు.

నాగావళి_ల్యాబ్
ఇద్దరికీ ధన్యవాదాలు. అసలు చిక్కు ఇంకొకటుంది. సిలబస్‌లో సగం పీఎల్ ఎస్‌క్యూఎల్ (ఒరాకిల్‌లో ప్రోగ్రాములు రాసే భాష). ప్రొసీజర్లు, కర్సర్లు, ట్రిగ్గర్లు అన్నీ ఒరాకిల్ పద్ధతిలోనే. ఎక్స్‌టర్నల్‌కి వచ్చే సార్‌కి స్క్రీన్ మీద ఎస్‌క్యూఎల్ ప్లస్ (ఒరాకిల్ కమాండ్ విండో) ప్రాంప్ట్ కనబడకపోతే ప్రోగ్రాం నడిచినట్టే లెక్క కాదు. పోస్ట్‌గ్రెస్ పెడితే రికార్డులు మొత్తం మార్చాలి. డాకర్ డెస్క్‌టాప్‌కి లైసెన్స్ కొనాలని కూడా ఎవరో అన్నారు, నిజమేనా?

గంటస్తంభం
లైసెన్స్ భయం వద్దు. చదువు కోసం వాడితే డాకర్ డెస్క్‌టాప్ ఉచితమే. 250 మందికి తక్కువ ఉద్యోగులు, కోటి డాలర్ల లోపు ఆదాయం ఉన్న చిన్న కంపెనీలకీ ఉచితమే. మీ ఉబుంటు సర్వర్‌లో వేసేది డాకర్ ఇంజిన్, అది ఎలాగూ ఓపెన్ సోర్స్.

పీఎల్_మేడమ్ (విజయనగరం)
ఒరాకిల్ వదలక్కర్లేదండీ. ఒరాకిల్ వాళ్ళే ఫ్రీ ఎడిషన్ కంటైనర్ ఇమేజ్ ఇస్తున్నారు. పరిమితులు 2 సీపీయూలు, 2 జీబీ ర్యామ్, 12 జీబీ డేటా. పిల్లాడికో ఒరాకిల్ కంటైనర్ అంటే మాత్రం మీ సర్వర్ తట్టుకోదు. ఒకే కంటైనర్ లేపి, అందులో పిల్లాడికో యూజర్ ఇవ్వండి. ల్యాబ్ ఎక్సర్‌సైజులకి 2 జీబీ చాలు. కమ్యూనిటీ ఇమేజ్‌లలో స్లిమ్, ఫాస్ట్‌స్టార్ట్ అని రకాలున్నాయి. ఫాస్ట్‌స్టార్ట్ డిస్క్ ఎక్కువ తింటుంది గానీ మొదటిసారి లేవడానికి ఎదురుచూడక్కర్లేదు.

మొదటి రోజే అందరూ తగులుకునేది ఓఆర్ఏ 65096 అనే ఎర్రర్. యూజర్ని సృష్టిస్తుంటే పేరు చెల్లదంటుంది. పేరులో తప్పేం ఉండదు. మీరు పై డేటాబేస్‌కి కనెక్ట్ అయి ఉంటారు. అక్కడ యూజర్ పేరు ముందు సీ, రెండు హ్యాష్‌లు ఉండాలి. మీకు కావలసింది ఫ్రీపీడీబీ1 అనే లోపలి డేటాబేస్. సర్వీస్ పేరు దగ్గర అది ఇస్తే 11జీలో చేసినట్టే మామూలుగా సాగిపోతుంది. 11జీకి అలవాటు పడ్డ చేతులకి ఇదొక్కటే కొత్త. ఎస్‌క్యూఎల్ ప్లస్ కంటైనర్ లోపలే ఉంటుంది కాబట్టి ఎక్స్‌టర్నల్ సార్‌కి ప్రాంప్ట్ చూపించే బెంగ కూడా లేదు.

ఇంకొకటి, ఇది మన తెలుగు డేటా పెట్టేవాళ్ళకే ఎదురయ్యేది. ఊరి పేరు కాలమ్‌కి వర్‌క్యార్2, 20 అని ఇచ్చి అందులో తెలుగులో శ్రీకాకుళం అని ఇన్సర్ట్ చేయండి. ఓఆర్ఏ 12899 వస్తుంది. విలువ పెద్దదైంది, అసలు 30, గరిష్ఠం 20 అంటుంది. ఒరాకిల్ ఆ 20ని మామూలుగా బైట్లుగా లెక్కేస్తుంది. యూనికోడ్‌లో శ్రీకాకుళం అంటే హల్లులు, గుణింతాలు, పొల్లు, సున్నా అన్నీ కలిపి 10 సంకేతాలు, ఒక్కోటి యూటీఎఫ్ 8లో 3 బైట్లు. మొత్తం 30. విజయనగరం కూడా 24 బైట్లు, అదీ పట్టదు. 20 పక్కన క్యార్ అని రాస్తే సరిపోతుంది. అదే టేబుల్ పోస్ట్‌గ్రెస్‌లో వర్‌క్యార్2 బదులు వర్‌క్యార్ అని రాస్తే మొదటిసారే నడుస్తుంది, ఎందుకంటే అక్కడ లెక్క అక్షర సంకేతాల్లో. పిల్లల చేత రెండు చోట్లా చేయించి, లెంగ్త్ ఫంక్షన్లు వాడి చూడమంటే డేటా టైపుల పాఠం మళ్ళీ చెప్పక్కర్లేదు.

చీపురుపల్లి_క్వెరీ
నాదొక వేరే అభిప్రాయం. ఒరాకిల్ ఒరాకిల్ అని ఎంతకాలం? పిల్లలు బయటికెళ్ళి చిన్న కంపెనీల్లో చేరితే కనబడేది మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెసే. రెండు మూడు ల్యాబ్‌లు ఒరాకిల్‌లో చేయించి మిగతావి పోస్ట్‌గ్రెస్‌లో చేయించండి. డ్యూయల్ టేబుల్, ఎన్‌వీఎల్ లాంటి ఒరాకిల్ సౌకర్యాలు లేవన్న బాధ ఉంటే ఓరాఎఫ్‌సీఈ అని ఎక్స్‌టెన్షన్ ఉంది, డీబీఎంఎస్ అవుట్‌పుట్ కూడా అందులో వస్తుంది. అధికారిక ఇమేజ్‌లో ఉండదు, మీరే డాకర్‌ఫైల్ రాసి కలుపుకోవాలి.

మైఎస్‌క్యూఎల్ ఎంచుకుంటే వెర్షన్ చూసుకోండి. 8.0.16కి ముందు చెక్ కన్‌స్ట్రెయింట్ (విలువ ఈ హద్దులో ఉండాలన్న నియమం) రాస్తే నోరెత్తకుండా తీసుకునేది, అమలు మాత్రం చేసేది కాదు. వయసు మైనస్ 5 ఇచ్చినా ఎక్కేది. ఫుల్ అవుటర్ జాయిన్ ఇప్పటికీ లేదు.

పీఎల్_మేడమ్
బయట ఏముందన్నది సరే. ఎక్స్‌టర్నల్ మార్కులు వేసేది బయటి కంపెనీ కాదు కదండీ.

చీపురుపల్లి_క్వెరీ
అదీ నిజమే మేడమ్ 🙂

సిక్కోలు_సిసాడ్మిన్
నాగావళి సార్, సర్వర్‌లో డాకర్ వేసేముందు ఈ రెండూ చూసుకోండి. ఈ రెండిటికీ మా దగ్గర బాగా దెబ్బ తగిలింది.

ఒకటి, ఐపీలు. డాకర్ మామూలుగా 172.17.0.0/16 రేంజ్‌ని తన బ్రిడ్జ్‌కి (కంటైనర్ల లోపలి నెట్‌వర్క్‌కి) తీసుకుంటుంది. మీ క్యాంపస్‌లో ఏ బ్లాకుకైనా 172.17తో మొదలయ్యే ఐపీలు ఇచ్చి ఉంటే, డాకర్ వేసిన నిమిషం నుంచి ఆ బ్లాకులో వాళ్ళకి సర్వర్ కనబడదు. మిగతా అందరికీ కనబడుతుంది. స్విచ్ పోయిందనీ, కేబుల్ ఎలుక కొరికిందనీ అందరూ తిరుగుతూ ఉంటారు. సర్వర్ ఆ బ్లాకుకి పంపాల్సిన జవాబుని తన లోపలి బ్రిడ్జ్‌కే పంపుకుంటుంది, అంతే. డీమన్ కాన్ఫిగ్ ఫైల్‌లో బ్రిడ్జ్ ఐపీ మార్చి, కంపోజ్ కొత్త నెట్‌వర్కులు ఏ రేంజ్‌లో తీసుకోవాలో కూడా చెప్పేయండి.

రెండు, పోర్టులు. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ (ఫైర్‌వాల్) ఆన్ చేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. డాకర్ తన పోర్టు రూల్స్ నేరుగా ఐపీటేబుల్స్‌లో రాస్తుంది. యూఎఫ్‌డబ్ల్యూలో మూసిన పోస్ట్‌గ్రెస్ పోర్టు 5432 బయటికి తెరిచే ఉంటుంది. సర్వర్‌కి పబ్లిక్ ఐపీ కూడా ఉండి, పాస్‌వర్డ్ కూడా పోస్ట్‌గ్రెస్ అనే పెడితే, రెండు రోజుల్లో ఎవడో లోపలికొచ్చి క్రిప్టో మైనింగ్ చేసుకుంటాడు. పోర్టు పబ్లిష్ చేసేటప్పుడే ముందు ల్యాబ్ నెట్‌వర్క్‌లో సర్వర్‌కున్న ఐపీ రాయండి.

పిల్లలని సర్వర్‌లో డాకర్ గ్రూపులో కలపకండి. డాకర్ గ్రూపులో ఉన్నవాడు అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్‌తో సమానం. మొత్తం డిస్క్‌ని తన కంటైనర్‌లోకి మౌంట్ చేసుకుంటే మీ మార్కుల షీట్ కూడా వాడి చేతిలో ఉన్నట్టే. గంటస్తంభం గారు చెప్పినట్టు పిల్లాడికో కంటైనర్ ఇచ్చినా, లేపేది దింపేది మీ స్క్రిప్ట్ చేయాలి, వాళ్ళకి డేటాబేస్ పోర్టు మాత్రం ఇవ్వాలి.

నాగావళి_ల్యాబ్
అప్‌డేట్. నిన్న ఒక బ్యాచ్‌తో చేయించాను. ఒకే పోస్ట్‌గ్రెస్ కంటైనర్, పిల్లాడికో డేటాబేస్, అందరికీ డీబీవర్. మొదటి అరగంట బ్రహ్మాండం. తర్వాత ఒక్కొక్కరికీ సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ అని రావడం మొదలైంది. ఉన్నది 30 మందే కదా, క్లయింట్స్ అంతమంది ఎక్కడినుంచి వచ్చారు?

గంటస్తంభం
డీబీవర్ చలవ. అది ఒక్కో డేటాబేస్‌కి ఒక మెయిన్ కనెక్షన్, మెటాడేటాకి ఇంకొకటి, తెరిచిన ప్రతి ఎస్‌క్యూఎల్ ఎడిటర్‌కి ఇంకొకటి తీసుకుంటుంది. పిల్లలు ట్యాబ్ మీద ట్యాబ్ తెరుస్తారు, మూయరు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 100 కనెక్షన్లే ఇస్తుంది, అందులో 3 సూపర్‌యూజర్ కోసం పక్కన పెట్టుకుంటుంది. 30 మంది నాలుగేసి తెరిస్తే 120. మైఎస్‌క్యూఎల్ అయితే 151 దగ్గర ఆగేది.

మ్యాక్స్ కనెక్షన్స్ 300 చేయండి, మీ మెషీన్‌కి అది లెక్క కాదు. దాంతో పాటు ఒక్కో రోల్‌కి (యూజర్‌కి) కనెక్షన్ లిమిట్ 5 పెట్టండి. లేకపోతే ఒకడే అందరివీ తినేస్తాడు. డీబీవర్ సెట్టింగ్స్‌లో ఎడిటర్‌కో కనెక్షన్ వద్దని చెప్పొచ్చు.

పనిలో పని, స్టేట్‌మెంట్ టైమవుట్ 30 సెకన్లు పెట్టేయండి. జాయిన్ కండిషన్ మర్చిపోయినవాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. 5000 వరుసలున్న మూడు టేబుల్స్‌ని కండిషన్ లేకుండా కలిపితే 12,500 కోట్ల వరుసలు. దానికి ఆర్డర్ బై కూడా తగిలిస్తే సర్వర్ డిస్క్ నిండేదాకా టెంప్ ఫైళ్ళు రాస్తూ పోతుంది. అందుకే టెంప్ ఫైల్ లిమిట్ కూడా కావాలి. టైమవుట్‌ని పిల్లాడు సెట్ కమాండ్‌తో తీసేయగలడు, టెంప్ ఫైల్ లిమిట్‌ని తీయలేడు. ఆ సెట్ కమాండ్ తెలిసినవాడు దొరికితే వైవా మార్కులు అక్కడికక్కడే వేసేయండి.

సిక్కోలు_సిసాడ్మిన్
కాపీ సంగతి కూడా చూసుకోండి. పిల్లాడికో డేటాబేస్ ఇచ్చినంత మాత్రాన పక్కవాడిది మూసుకుపోదు. పోస్ట్‌గ్రెస్‌లో కొత్త డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యే హక్కు అందరికీ ఉంటుంది. టేబుల్‌లో డేటా చదవలేకపోవచ్చు గానీ, ఫంక్షన్ కోడ్ మొత్తం పీజీ ప్రోక్ అనే కేటలాగ్‌లో కనబడుతుంది. పక్కవాడి ట్రిగ్గర్ ఎత్తి రాయడానికి అంతకంటే ఏం కావాలి? ప్రతి డేటాబేస్ మీదా పబ్లిక్ నుంచి కనెక్ట్ హక్కు రివోక్ చేయండి.

పలాస_గుంటడు
ఓలమ్మ, ఈ దారి మాకు తెలీనేలేదు 😀
సార్, ఒరాకిల్ వాళ్ళ ఎంప్, డిప్ట్ శాంపిల్ టేబుల్స్ మాత్రం ఇంక వద్దు సార్. స్మిత్ జీతం, కింగ్ జీతం చూసి చూసి విసుగొచ్చింది.

చీపురుపల్లి_క్వెరీ
ఇది మంచి మాట. నేను మా పిల్లలకి రైల్వే స్టేషన్లు ఇస్తాను. విజయనగరం, చీపురుపల్లి, పొందూరు, శ్రీకాకుళం రోడ్, తిలారు, కోటబొమ్మాళి, నౌపడ, పలాస. మధ్యలో చిన్నవి కలుపుకోవచ్చు. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా గుణుపూర్ వెళ్ళే శాఖ ఒకటి. విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ వెళ్ళేది ఇంకొకటి. పక్క పక్క స్టేషన్ల జతలు ఒక టేబుల్‌లో పెట్టి, పలాస నుంచి బొబ్బిలికి దారి కనుక్కోమంటే రికర్సివ్ క్వెరీ (తన ఫలితం మీదే మళ్ళీ మళ్ళీ నడిచేది) తప్పనిసరిగా రాయాల్సి వస్తుంది.

ప్రైమరీ కీ ఏది పెట్టాలన్న చర్చ కూడా అక్కడే చేయండి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. దాని కోడ్ సీహెచ్ఈ, చికాకోల్ అన్న పాత పేరు నాటిది. ఊరి పేరు మారినా కోడ్ మారలేదు. పేరుని కీగా పెట్టి ఉంటే ఏమయ్యేదో పిల్లలే చెప్తారు.

పీఎల్_మేడమ్
నేను నార్మలైజేషన్‌కి (ఒకే సమాచారం పలుచోట్ల రాయకుండా టేబుల్స్ విడగొట్టడానికి) జిల్లాల విభజన వాడతాను. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. స్టూడెంట్ టేబుల్‌లో ప్రతి వరుసలో జిల్లా పేరు రాసినవాడు రాజాం పిల్లలందరి వరుసలూ మార్చాలి, ఒకటి మరిచిపోతే డేటా తప్పు. మండలానికి వేరే టేబుల్ పెట్టినవాడు అక్కడ మార్చుకుంటే చాలు. అప్‌డేట్ అనామలీ అంటే ఏమిటో రాజాం నుంచి వచ్చే పిల్లలకి వెంటనే ఎక్కుతుంది, వాళ్ళ సర్టిఫికెట్లలో రెండు జిల్లాలూ ఉంటాయి.

నాగావళి_ల్యాబ్
ఈ రెండూ తీసుకుంటున్నాను. ఇప్పుడు ఇంకో సమస్య. స్టేషన్ల టేబుల్స్ సృష్టించే స్క్రిప్ట్‌ని పోస్ట్‌గ్రెస్ కంటైనర్ ఇనిట్ ఫోల్డర్‌లో (మొదట్లో నడవాల్సిన స్క్రిప్టుల చోటు) పెట్టాను. కంటైనర్ ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఆ టేబుల్స్ రావడం లేదు. ఎర్రర్ కూడా లేదు.

సిక్కోలు_సిసాడ్మిన్
ఆ ఫోల్డర్‌లోవి డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడే నడుస్తాయి సార్. మీ వాల్యూమ్‌లో (కంటైనర్ తీసేసినా డేటా నిలిచే చోటు) ఇప్పటికే డేటాబేస్ ఉంది, కాబట్టి వాటి జోలికి పోదు. కంపోజ్ ఫైల్‌లో పాస్‌వర్డ్ మార్చినా మారకపోవడానికీ ఇదే కారణం. పిల్లల పని ఉన్న సర్వర్ కాబట్టి వాల్యూమ్ తీసేయకండి, స్క్రిప్ట్‌ని పోస్ట్‌గ్రెస్ కమాండ్ టూల్ పీఎస్‌క్యూఎల్‌తో విడిగా నడిపించండి. కంపోజ్ డౌన్‌కి వాల్యూమ్‌లు కూడా తీసేసే వీ ఆప్షన్ తగిలించే అలవాటు ఉంటే ఆ సర్వర్‌లో మానుకోండి, 60 మంది సెమిస్టర్ పని ఒక్క ఎంటర్‌తో పోతుంది.

షెల్ స్క్రిప్ట్ ఏదైనా విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి పెడితే వరుస చివర్లు లైనక్స్‌కి నచ్చక, ఫైల్ ఎదురుగా ఉన్నా నో సచ్ ఫైల్ అంటుంది. ఎడిటర్‌లో ఎల్ఎఫ్‌కి మార్చి సేవ్ చేయండి. ఇమేజ్ ట్యాగ్ దగ్గర లేటెస్ట్ అని రాయొద్దు, వెర్షన్ అంకె రాయండి. పోస్ట్‌గ్రెస్ 18 నుంచి అధికారిక ఇమేజ్‌లో డేటా ఫోల్డర్ దారే మారింది. పాత కంపోజ్ ఫైల్ పట్టుకుని కొత్త ఇమేజ్ లాగితే కంటైనర్ లేవదు, అదీ సరిగ్గా ఇంటర్నల్స్ ముందు రోజు.

తోటపాలెం_92
కరెంటు సంగతి ఎవరూ అనలేదేంటి? వానాకాలం మధ్యాహ్నం ల్యాబ్‌లో కరెంటు పోతే కంటైనర్‌లో డేటా ఉంటుందా?

గంటస్తంభం
ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ అయినా, మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ అయినా, ఒరాకిల్ అయినా ముందు లాగ్‌లో రాసుకుని తర్వాత టేబుల్‌లో మారుస్తాయి. కమిట్ అయినది లేచాక తిరిగొస్తుంది, కానిది పోతుంది. కంటైనర్ అయినంత మాత్రాన ఇందులో తేడా రాదు, డేటా పేరున్న వాల్యూమ్‌లో ఉంటే చాలు. వేగం పెరుగుతుందని ఎఫ్‌సింక్ (డిస్క్‌లోకి నిజంగా రాసేదాకా ఆగడం) ఆఫ్ చేయమని నెట్‌లో సలహాలు కనబడతాయి. అది చేస్తే మాత్రం ఈ హామీ పోయినట్టే. కంపోజ్‌లో రీస్టార్ట్ పాలసీ అన్‌లెస్ స్టాప్డ్ అని పెడితే కరెంటొచ్చాక దానంతట అదే లేస్తుంది. యూపీఎస్ సర్వర్‌తో పాటు ల్యాబ్ స్విచ్‌కి కూడా ఉండాలి.

రాత్రికోసారి ప్రతి డేటాబేస్‌కి పీజీ డంప్ (బ్యాకప్) తీసి వేరే మెషీన్‌లోకి కాపీ అయ్యేట్టు క్రాన్ (టైముకి దానంతట అదే నడిచే పని) పెట్టండి. ఎక్స్‌టర్నల్‌లో సార్, నా టేబుల్ ఎవరో డ్రాప్ చేశారు అన్నవాడికి ముందు రోజు ఫైల్ తీసి చూపించొచ్చు.

వేగావతి_సీఎస్ఈ (బొబ్బిలి)
థ్రెడ్ మొత్తం చదివాను, చాలా ఉపయోగం. మాకు సర్వర్ లేదు. ల్యాబ్‌లో ఉన్నవాటిలో మంచిది 16 జీబీ ఐ5 డెస్క్‌టాప్ ఒకటి, విండోస్. 30 మంది బ్యాచ్. నడుస్తుందా?

సిక్కోలు_సిసాడ్మిన్
ఒక్క పోస్ట్‌గ్రెస్ కంటైనర్, ఒక్క అడ్మినర్ అయితే నిక్షేపంగా నడుస్తుంది. ఒరాకిల్ ఫ్రీ కూడా పక్కన పడుతుంది. వీలైతే విండోస్ తీసి ఉబుంటు వేయండి, వీలుకాకపోతే డబ్ల్యూఎస్ఎల్ కాన్ఫిగ్‌లో మెమరీ ఎంతో మీరే రాయండి, లేదంటే అది సగం ర్యామ్ వరకే తీసుకుంటుంది. వైఫై కాకుండా కేబుల్, మారని ఐపీ. స్లీప్ మోడ్ ఆపేయండి. మానిటర్ మీద సర్వర్, ఆపకూడదు అని కాగితం అంటించండి, సాయంత్రం స్విచ్‌లు కట్టేసే అటెండర్‌కి కూడా ఒకసారి చెప్పండి.